సున్నా సెకన్లు

17 అక్టోబరు, గురువారం

రాయదగిన విషయమేమీ లేదు. పెందలాడే పడుకున్నాను.

18 అక్టోబరు, శుక్రవారం

నిన్న సాయంత్రం రేవులో దొంగతనం జరిగింది. కాపలాదారు ఖమీస్ మగ్రిబ్ నమాజుకు మసీదుకు వెళ్లే ఆ కాసేపట్లో గేటు తాళం కోసి, నాలుగు పడవ ఇంజన్లు ఎత్తుకుపోయారు. ఖమీస్ తొందరగా తిరిగి వచ్చినట్టున్నాడు, తలమీద కొట్టారు. ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. నా మేడమీది నుంచి రేవు గేటు స్పష్టంగా కనిపిస్తుంది. అయినా నేనేమీ చూడలేదు. ఆ వేళకు నేను గేటు వైపు చూడను.

కింది వాటాలో ఉండే చెల్లెలు మబ్రూకా చేపల కుస్కుస్ తెచ్చి, వార్తంతా వడ్డించింది.

"ఆ ఇంజన్లు ఈపాటికి ఏ దొంగ పడవకో బిగించేసుంటారన్నయ్యా. జనాన్ని సముద్రం దాటించే వాళ్లకి ఇంజను దొరికితే చాలు, ఖమీస్ తల పగిలితే వాళ్లకేంటి!"

ఎవరు బిగించారన్నది ఆ వాక్యంలో లేదని, పాత మాస్టారి అలవాటు కొద్దీ, చెప్పబోయి ఊరుకున్నాను.

సాయంత్రం ఒక రింగు ఇచ్చాను. తిరుగు రింగు వచ్చింది. ఎప్పటిలాగే.

26 అక్టోబరు, శనివారం

వజ్దీని పోలీసులు పట్టుకుపోయారు. వజ్దీ, ఒకప్పుడు నాతో పనిచేసిన లెక్కల ఉపాధ్యాయుడు కీర్తిశేషుడు సీ అమ్మార్‌కు ఒక్కగానొక్క కొడుకు. ముప్పై నాలుగేళ్ల వాడు. రేవులో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. ఇంజను విప్పడం తెలిసినవాడే దొంగ అయి ఉండాలన్నది పోలీసుల తర్కం. ఆ లెక్కన వ్యాకరణం తెలిసినవాడే అబద్ధాలు రాయాలి.

అతని తల్లి లెల్లా షాద్లియా ఇప్పుడు ఇంట్లో ఒంటరిగా ఉన్నారు. రేవు పక్క వీధిలో, మా ఇంటికి నాలుగు ఇళ్ల అవతల.

తిరుగు రింగు రావడానికి ఇవాళ పదకొండు నిమిషాలు పట్టింది.

29 అక్టోబరు, మంగళవారం

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బూట్లతోనే తివాచీ మీదికి నడిచాడు. ఒక చీటీ నా ముందు పెట్టాడు. దానిమీద ఒక ఫోను నంబరు ఉంది.

"మాస్టారూ, ఇది మీకు తెలుసా?"

"తెలుసు."

"మూడు నెలల్లో తొంభై మూడు సార్లు చేశారు. ఒక్కసారీ మాట్లాడలేదు. మోగించడం, కట్ చేయడం. రోజూ మగ్రిబ్ వేళకే. దొంగతనం రోజునైతే రెండుసార్లు. ఈ సిమ్ వజ్దీ పేరు మీదుంది. వాడిదేనా?"

ఊళ్లో ఏ తల్లి సిమ్ కార్డయినా కొడుకు పేరు మీదే ఉంటుంది. గుర్తింపు కార్డు పట్టుకుని దుకాణంలో వరుసలో నిలబడేది కొడుకే కదా. ఈ సంగతి ఇన్‌స్పెక్టరుకు తెలియదు, అతనిది రాజధాని. నేను తెలియజేసి ఉండవచ్చు. నేను చెప్పిన జవాబును మాత్రం ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను:

"అవును, వజ్దీదే. మా నీళ్ల మోటారు తరచూ ఆగిపోతుంది. రమ్మని గుర్తు చేయడానికి రింగు ఇస్తాను."

"రోజూనా?"

"పాత మోటారు."

రాసుకున్నాడు. నేను సంతకం చేశాను. పరాయి మగవాడి ముందు ఒక వితంతువు పేరు ఎత్తకపోవడం మర్యాద. మర్యాద తెలిసిన ఎవరైనా అదే చేసేవారు. అయినా, ఒక మోటారుకూ ఒక దొంగతనానికీ సంబంధం ఏముంటుంది?

30 అక్టోబరు, బుధవారం

రింగు ఇచ్చాను. మోగింది. తిరిగి రాలేదు.

31 అక్టోబరు, గురువారం

రాలేదు.

1 నవంబరు, శుక్రవారం

మబ్రూకా బజారు నుంచి వస్తూనే చెప్పింది. "షాద్లియా ఫోను పోలీసులు పట్టుకెళ్లారటన్నయ్యా. వజ్దీ పేరు మీద రెండు నంబర్లున్నాయంట. రెండూ నావేనని వాడే ఒప్పుకున్నాడంట. వాడికి రెండు ఫోన్లెందుకో! ఒక ఫోను మోగితేనే ఎత్తడు వెధవ."

రెండూ తనవేనని వజ్దీ ఎందుకు అన్నాడు?

ఎందుకో నాకు తెలుసు. నేనెందుకు మోటారు అన్నానో, అందుకే.

3 నవంబరు, ఆదివారం

అవతలి ఫోను ఇవాళ మోగనే లేదు. చార్జింగు అయిపోయి ఉంటుంది.

నాకు నేను స్పష్టంగా చెప్పుకోవడం మంచిది. తొమ్మిదేళ్ల క్రితం సీ అమ్మార్ పోయిన నలభయ్యో రోజున, అందరూ వెళ్లిపోతుండగా, లెల్లా షాద్లియా గుమ్మం దగ్గర అన్నారు: "మా వాడు పగలంతా రేవులోనే ఉంటాడు మాస్టారూ. నేను పోయినా సాయంత్రం దాకా ఎవరికీ తెలీదు." మర్నాడు సాయంత్రం అజాన్ అయ్యాక ఒక రింగు ఇచ్చి ఆపేశాను. ఒక నిమిషానికి తిరుగు రింగు వచ్చింది. ఒప్పందం ఏమీ జరగలేదు. మాట్లాడుకున్నదీ లేదు. వీధిలో ఎదురుపడితే సలాం, అంతే. నేను విధురుణ్ణి, ఆమె వితంతువు. ఇద్దరం బతికి ఉన్నామని ఒకరికొకరం తెలియజేసుకుంటున్నాం. దీనికి ఇంతకు మించి అర్థం లేదు.

పదిహేడో తేదీన రెండోసారి మోగినమాట నిజమే. వేలు జారి ఉంటుంది.

5 నవంబరు, మంగళవారం

కోర్టు నుంచి సమన్లు. గురువారం విచారణ న్యాయమూర్తి ఎదుట హాజరు కావాలి. ఆరు పంక్తుల్లో నాలుగు తప్పులు. ఎర్రసిరాతో దిద్దాను.

7 నవంబరు, గురువారం

న్యాయమూర్తి నలభై ఏళ్ల స్త్రీ. తక్కువ మాట్లాడే మనిషి. గుమాస్తా లుత్ఫీ ఐదో తరగతిలో నా దగ్గరే చదివాడు. నన్ను చూడగానే లేచి నిలబడి, కోర్టులో ఉన్నానని గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు.

దిద్దిన సమన్లు బల్లమీద పెట్టాను. ఆమె చదివి, పక్కన పెట్టి, "బాగుంది మాస్టారూ. ఇప్పుడు నా కాగితం మీరు చూడండి" అన్నారు.

ఏడు పుటల పట్టిక. తేదీ, గంట, నిమిషం, ఎవరి నుంచి, ఎవరికి, ఏ టవరు. చివరి నిలువు గడిలో వ్యవధి, సెకన్లలో. ఆ గడిలో పైనుంచి కిందివరకు సున్నాలే. నా జీవితంలో మూడు నెలలు ఇంత శుభ్రంగా రాసి ఉండగా నేనెన్నడూ చూడలేదు.

"ఇందులో మాటలేవి?" అని అడిగాను.

"మాటలుండవు. వినడానికి నేను అనుమతివ్వలేదు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎక్కణ్ణించి. అంతవరకే సంతకం పెట్టాను. అందులో మీరు తేలతారని నాకప్పుడు తెలీదు. ఒక నంబరు అడిగితే దానితో పాటు పదిమంది బతుకులు వచ్చి బల్లమీద పడతాయి. ఏం చేస్తాం?"

నలభై ఏళ్లు పిల్లలకు నేర్పాను, అర్థం వాక్యంలో ఉంటుందని. ఒక్క వాక్యం కూడా లేని ఏడు పుటలు నన్ను చదివేస్తున్నాయి.

ఆమె పోలీసుల కథనం చెప్పారు. "మీ మేడమీంచి రేవు గేటు కనిపిస్తుంది. ఖమీస్ నమాజుకు వెళ్లగానే మీరు ఒక రింగిస్తారు. అందిందని అవతల నుంచి ఇంకోటి వస్తుంది. మూడు నెలలు సాధన చేశారు. పదిహేడున రెండు రింగులిచ్చారు, పని మొదలైంది."

"నేను దొంగలకు కావలి కాశానా?"

"నేననట్లేదు. ఈ కాగితం చూసినవాళ్లు అంటున్నారు." పుట తిప్పారు. "ఇదిగో, వజ్దీ మామూలు ఫోను. ఆ సాయంత్రమంతా స్ఫాక్స్ పట్నంలో ఉంది. స్పేరు పార్టులకి వెళ్లానంటాడు. ఈ రెండో ఫోనేమో రేవు టవరు కింద ఉంది. రెండోది వాళ్లమ్మదైతే, అది ఇంట్లో ఉన్నట్టు, అతను నిజంగానే స్ఫాక్స్‌లో ఉన్నట్టు. రెండోది అతనిదైతే, మొదటిదాన్ని ఎవరికో ఇచ్చి స్ఫాక్స్ పంపి, తను రేవులో ఉన్నట్టు. కేసంతా దీని మీదే ఉంది."

"ఆవిడ ఏమన్నారు?"

"మొదటిరోజే వచ్చి చెప్పింది. అది నా ఫోను, బతికున్నానని మాస్టారు రోజూ ఒక రింగిస్తారు, నేనూ ఇస్తాను, కావాలంటే ఆయన్నే అడగండి అని. కొడుకేమో, కాదు నాదేనంటాడు. తల్లి కొడుకు కోసం ఏమైనా చెబుతుంది కదా. అందుకని మిమ్మల్ని అడిగించాను." నా సంతకం ఉన్న కాగితం చూపించారు. "మీరు నీళ్ల మోటారన్నారు."

లుత్ఫీ తలవంచుకున్నాడు.

అప్పుడే చెప్పేయవలసింది. నోరు తెరిచాను కూడా. కానీ నా కళ్లు అప్పటికే పదిహేడో తేదీ పంక్తుల మీద ఉన్నాయి. 17.41 నాది. 17.42 ఆమెది. 17.44 నాది. ఆ తర్వాత నాకు తెలియనివి మూడు: 17.52, 18.03, 18.20. ఆమె నంబరు నుంచి నా నంబరుకు.

"ఇవి నాకు రాలేదు."

"మీ ఫోను ఆపేసుంది. మీకు అందకపోయినా, చేసినట్టు ఇక్కడ పడుతుంది. ఎందుకు చేసుంటారు, మూడుసార్లు?"

"గుర్తు తెచ్చుకోవాలి."

"సోమవారం దాకా తెచ్చుకోండి. ఒక్కమాట, ఖమీస్‌కి ఇంకా తెలివి రాలేదు. అతను పోతే ఇది దొంగతనం కేసుగా మిగలదు. వజ్దీ యౌవనమంతా జైల్లోనే అయిపోతుంది. ఇంకోటి, ఆ ఫోను స్టేషను బీరువాలో ఉన్నప్పుడు కూడా రోజూ సాయంత్రం మోగిందట. పాపం, వాళ్లు హడలిపోయారు."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఆలివు తోటలు దాటిపోతున్నాయి. మూడుసార్లు.

8 నవంబరు, శుక్రవారం

వేలు జారలేదు.

ఏడాదిగా ఒక వాక్యం కూర్చుకుంటున్నాను. పొడుగైనది కాదు. నిండు వాక్యం, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా నిర్ణయించుకున్నాను. పదిహేడున తిరుగు రింగు వచ్చాక మళ్లీ చేశాను. ఎత్తితే చెబుదామని. చివరివరకు మోగింది. ఎత్తలేదు. డెబ్బై ఒక్క ఏళ్ల వయసులో ఈ తగని పని చేసినందుకు సిగ్గుపడి, ఫోను ఆపేసి పడుకున్నాను.

ఆమె వెంటనే మూడుసార్లు చేశారు. ఏ స్త్రీ అయినా కాదనదలచుకుంటే మౌనంగా ఊరుకుంటుంది. అరగంటలో మూడుసార్లు ప్రయత్నించదు. ఇది వేరొక అర్థానికి తావివ్వదు. ప్రతి పంక్తినీ మళ్లీ మళ్లీ తలుచుకున్నాను. 17.52. 18.03. 18.20.

వజ్దీ గురించి ఈ పుటలో ఇంతవరకు ఒక్క అక్షరం రాయలేదని ఇప్పుడే గమనించాను. ఇవాళ్టికి పద్నాలుగు రోజులు అతను లోపల ఉండి.

9 నవంబరు, శనివారం

క్షవరం చేయించుకున్నాను. బూడిదరంగు సూటు ఇస్త్రీ చేయించాను.

మబ్రూకా గుమ్మంలో నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది. "కోర్టుకి వెళ్తున్నావా అన్నయ్యా, పెళ్లికి వెళ్తున్నావా?"

"కోర్టుకు. ఏమి చెప్పాలో నీకు తెలియదు."

"నాకు తెలీకపోవడమేంటి? తొమ్మిదేళ్లుగా రోజూ అజానవగానే నీ ఫోను ఒక్కసారి కూసి ఆగిపోతుంటే వింటున్నా. ఆ కూతకి నీ మొహం ఎలా అయిపోతుందో కూడా చూస్తున్నా. నీ మొహం సంగతి తర్వాత చూసుకుందువు గానీ, ముందు ఆ కుర్రాణ్ణి బయటికి తీసుకురా."

10 నవంబరు, ఆదివారం

రేపు.

11 నవంబరు, సోమవారం

మొదటి వాక్యం నేనే చెప్పి రాయించాను: "అక్టోబరు ఇరవై తొమ్మిదిన నేను పోలీసులకు అబద్ధం చెప్పాను."

లుత్ఫీ కలం ఆగిపోయింది.

"రాయి నాయనా. తప్పులు లేకుండా రాయి. అబద్ధం చెప్పింది నేను, వజ్దీ కాదు."

అంతా చెప్పాను. ఫోను ఆమెదని, తొమ్మిదేళ్లనుంచి రింగులని, మోటారు మా ఇంట్లో ఎన్నడూ చెడిపోలేదని. తప్పుడు వాంగ్మూలానికి నా మీద చర్య తీసుకునే అధికారం తమకు ఉందని న్యాయమూర్తి హెచ్చరించారు. ఉండాలి అన్నాను.

"పదిహేడున రెండోసారి ఎందుకు చేశారు?"

"ఆమెను పెళ్లి చేసుకోమని అడగడానికి."

బయట ఎవరో కాఫీ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

"మరి ఆవిడ మూడుసార్లు ఎందుకు చేసింది?"

"ఒప్పుకుంటున్నానని చెప్పడానికి అయి ఉంటుంది."

ఆమె గుమాస్తా వైపు తిరిగారు. "అది రాయకు." తర్వాత నాతో, మందలింపేమీ లేకుండా అన్నారు: "ఇదే కాగితం చూసి పోలీసులు కూడా నాతో 'అయి ఉంటుంది' అనే అన్నారు మాస్టారూ."

సంతకం చేశాను. నా ఫోను సాక్ష్యం కింద తీసుకున్నారు.

బయట వసారాలో, బల్లమీద, తెల్లటి సఫ్సారీ కప్పుకుని లెల్లా షాద్లియా కూర్చుని ఉన్నారు. కొడుకును కలవడానికి అనుమతి కోసం వచ్చారట. ఆమె ముందు నిలబడ్డాను. తొమ్మిదేళ్లలో సలాం కాకుండా ఆమె నాతో అన్న మొదటి మాట ఇది:

"నీళ్ల మోటారా మాస్టారూ?"

"మీ పేరు బయటికి రాకూడదని..."

"నా పేరు నేనే వెళ్లి చెప్పుకున్నా కదా! మధ్యలో మీరు దాచడమేంటి? మాస్టారు చెబుతారు, ఆయన్ని అడగండి అని ఎంత ధీమాగా అన్నానో. నా పరువు కాపాడతామని మీరూ వాడూ కలిసి నన్ను అబద్ధాలకోరుని చేశారు. వాడు జైల్లో కూచున్నాడు."

నిజానికి అక్కడితో వచ్చేయవలసింది. కానీ నా బుద్ధి ఇంకా ఆ మూడు పంక్తుల మీదే ఉంది.

"ఆ రోజు మీరు మూడుసార్లు చేశారు," అన్నాను.

"చేశాను."

"నేను ఏమి అడగబోయానో మీకు ఎలా తెలిసింది?"

"తొమ్మిదేళ్లు ఒక్కసారే మోగిన ఫోను ఆ రోజు రెండోసారి, అంతసేపు మోగితే, ఇంకేం అడుగుతారు మాస్టారూ? ఎత్తడానికి చెయ్యి రాలేదు." చేతులు ఒడిలో పెట్టుకుని, వాటినే చూస్తూ చెప్పారు. "కాసేపాగి నేనే చేశాను. మొదటిసారి, వద్దని చెబుదామని."

నిలబడే ఉన్నాను.

"రెండోసారి, అదే మాట కొంచెం మెల్లగా చెబుదామని."

"మూడోసారి?"

"అప్పటికి అరగంటైంది, మీ ఫోను ఆపేసే ఉంది. మీకేమైనా అయిందేమోనని."

లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు. లేస్తూ అన్నారు: "మర్నాడు ఎప్పట్లాగే ఒక్క రింగే వచ్చింది. మీరూ ఆ సంగతి వదిలేశారనుకున్నా. బతికున్నారు, అది చాలనుకున్నా."

13 నవంబరు, బుధవారం

వజ్దీని విడిచిపెట్టారు. స్ఫాక్స్‌లో స్పేరు పార్టుల దుకాణంవాడు కూడా అతణ్ణి గుర్తుపట్టాడట. ఖమీస్ కళ్లు తెరిచాడు. ఇంకా మాట రాలేదు.

మధ్యాహ్నం వజ్దీ మా ఇంటికి వచ్చాడు. గడ్డం పెరిగింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ ఫోను నీదని ఎందుకు చెప్పావు?" అని అడిగాను.

"మీరు మోటారని ఎందుకు చెప్పారు?"

ఇద్దరం గోడమీది గడియారం వైపు చూశాం.

"అమ్మతో ఇన్ని రోజులు మాట్లాడకుండా ఉండటం నాకదే మొదటిసారి మాస్టారూ. నాకు ముందే తెలుసు, మీ రింగుల సంగతి. తెలీనట్టుండటం కూడా మర్యాదేననుకున్నా." మబ్రూకా తెచ్చిన టీ నిలబడే తాగాడు. "ఆవిడ ఫోనూ మీ ఫోనూ కేసు తేలేదాకా ఇవ్వరంట. రోజూ పొద్దుగూకే వేళకి గుమ్మం దాకా వెళ్లి వస్తోందంట. మరెలా?"

"నీ చేత కబురు పంపిస్తాను."

"నేను మొయ్యను. మీ ఇద్దరి మధ్యా నన్ను పెట్టకండి, ఒకసారి దూరి చూశాను, చాలు. మీరే రండి. వీధిలోంచి నడిచే రండి, తలుపు కొట్టండి, బతికే ఉన్నానని మొహం చూపించి వెళ్లండి. నలుగురూ చూస్తే చూడనీండి. ఏముందో కోర్టు కాగితంలోనే రాసుంది కదా, ఇంకా దాచేదేముంది?"

14 నవంబరు, గురువారం

అజాన్ అయ్యాక బయలుదేరాను. సూటు వేసుకోలేదు. కాఫీ దుకాణం ముందు డామినోలు ఆడుతున్నవాళ్లు ఆట ఆపి చూశారు. నాలుగు ఇళ్లు దాటడానికి ఇంతసేపు పడుతుందని నాకు తెలియదు.

తలుపు కొట్టాను. ఆమె తీశారు. వెనక వంటింట్లో వజ్దీ ఏదో వేయిస్తున్నాడు. మిరపకాయల ఘాటు వచ్చింది.

"బాగున్నారా మాస్టారూ?"

"బాగున్నాను. మీరు?"

"బాగున్నాను."

సలాం చెప్పి తిరిగి వచ్చాను.

రేపు కూడా వెళ్తాను. జవాబు మారుతుందని కాదు. ఈ వాక్యం రాసి, ఇది నిజమేనా అని చాలాసేపు చూశాను. నిజమే. అలాగే ఉంచుతున్నాను.